పెళ్లి నగలకి పేరు పెడుతున్నారా? ఆగండి!

గుంటూరు, ఒంగోలు వైపు మిర్చి డబ్బులు చేతికొచ్చే రోజులూ, మాఘ ఫాల్గుణాల ముహూర్తాలూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. బంగారం కొట్లకి అసలు సందడి అప్పుడే. ఆ సీజన్‌కి ఇన్‌స్టాలో సొంతంగా పెళ్లి నగల లైన్ పెడదామనుకుంటే, డిజైన్ల కంటే ముందు తలనొప్పి పేరే.

చాలామందికి మొదట తట్టేది 'గుంటూరు గోల్డ్' లాంటిది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం సరుకునో, ఊరినో మాత్రమే చెప్పే మాటకి మామూలుగా రిజిస్ట్రేషన్ దొరకదు. రేపు పక్క కొట్టాయనా అదే పేరు పెడితే ఏం చేస్తారు? 'వడ్డాణం', 'కాసులపేరు' అని పెట్టినా ఇదే గొడవ.

పెద్దవాళ్లని చూడండి. కల్యాణ్ జువెలర్స్ పెళ్లి నగలని 'ముహూరత్' అంది. నగ పేరు కాదు, పెళ్లి ఘడియ పేరు. తనిష్క్ తన పెళ్లి లైన్‌కి 'రివా' అని విడిగా పెట్టుకుంది. అన్నట్టు 'తనిష్క్'లో దాగున్న 'నిష్క' సంస్కృతంలో బంగారు నాణెం, మెడలో నగ కూడా. మన కాసులపేరుకి చుట్టమే!

నచ్చిన పేరు ఫోన్‌లో అమ్మమ్మకి ఒకసారి చెప్పి, తిరిగి చెప్పమనండి. తమ్ముడిని ఇంగ్లిష్‌లో టైప్ చేయమనండి. స్పెల్లింగ్ నాలుగు రకాలుగా వస్తే ఆ పేరు వదిలేయడమే మంచిది. కస్టమర్ వెతికేది తనకి తోచిన స్పెల్లింగ్‌తోనే కదా.

తర్వాత ట్రేడ్‌మార్క్ సైట్‌లో క్లాస్ 14 కింద వెతకండి. ఫొనెటిక్ సెర్చ్ మర్చిపోవద్దు, ఒకేలా వినిపించే పేర్లు అందులోనే బయటపడతాయి. వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్ ఫీజు రూ.4,500. రిజిస్టరైతే 10 ఏళ్లు మీదే, ఆపైన రెన్యువల్. బోర్డు రాయించేది ఆ సెర్చ్ అయ్యాకే.