వృషభరాజముల వెంట

రాయలసీమలో సేద్యపు పని సన్నగిల్లిన దినములకు తిరునాళ్ళ దినములని పేరు పెట్టవచ్చును. సంక్రాంతితో మొదలై, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి దాటి, ఏరువాక పున్నమ సమీపించు వఱకు కర్నూలు, కడప ప్రాంతములలో ఏదో ఒక ఊర జాతరయో, రథోత్సవమో సాగుచునే యుండును. ఈ యుత్సవములకు ఊరినుండి ఊరికి తిరుగు జనములో ఒక ప్రత్యేకమైన వర్గము కలదు. వారు స్వామికి మ్రొక్కకపోరు. కాని వారిని అంత దూరము రప్పించునది స్వామి కాదు, స్వామి వాహనము. తాము మెచ్చిన ఎద్దుల జత ఏ యూర పోటీకి దిగునో ఆ యూర వారును దిగుదురు.

ఆ పోటీ బండలాగుడు. గోడపత్రికలలో దీనినే ఒంగోలు జాతి వృషభరాజముల బలప్రదర్శనమని గంభీరముగ వ్రాయుదురు. పద్ధతి సులభమైనదే. క్వింటాళ్ళ బరువు గల రాతిబండను కాడికి తగిలించి, చదును చేసిన బరిలో జతచేత లాగింతురు. ఈ కొననుండి ఆ కొనకు పోయి, మరలి రావలెను. నిర్ణయించిన నిమిషములలో ఏ జత ఎక్కువ దూరము లాగునో దానిదే గెలుపు. బరి పొడవు 300 అడుగులనుకొందము. ఒక జత పదిమారులు పూర్తిగా లాగి, పదునొకండవమారు 120 అడుగుల కడ నుండగా గడువు తీరినచో, లెక్క 3,120 అడుగులు. ఒక్కొక్కప్పుడు గెలుపోటములు అంగుళములలో తేలుట కూడ కద్దు. ఎద్దుల వయస్సును పండ్లనుబట్టి నిర్ణయింతురు: పాలపండ్లవి, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి, ఆపైన పెద్ద ఎద్దులు. వయస్సు పెరిగిన కొలది బండ బరువును పెరుగును.

అభిమాని కన్ను ఈ క్రమమంతటిని వెన్నాడును. పాలపండ్లనాడు తాను చూచిన కోడెదూడ ఆరు పండ్లది యగునప్పటికి ఎట్లు ఎదిగినదో అతడు చెప్పగలడు. కాడికి కుడివైపున నేది నిలుచునో, ఎడమవైపున నేది నిలుచునో, మరలునప్పుడు ఏది ముందడుగు వేయునో అతనికి కంఠస్థము. ఉలవలు పెట్టి మేపిన తీరు మొదలు గత పోటీలో లాగిన అడుగుల వఱకు అన్నియు అతని నాలుకపై నాడుచుండును. వెళ్ళలేని నాడు సెల్‌ఫోనులో చూచును. బడిలో ఎక్కములకు తడబడు బాలుడు సైతము బరికడ అడుగులను నిమిషములతో భాగించుటలో తడబడడు. ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమిది.

ఇట్టి మమకారము మన సీమకే ప్రత్యేకము కాదు. ఆర్థికమాంద్యము ఆస్ట్రేలియాను క్రుంగదీయుచున్న దినములలో, ఫార్ ల్యాప్ అను గుఱ్ఱము అచటి ప్రజలకు ఆశాజ్యోతియైనది. 1930లో అది మెల్‌బోర్న్ కప్పు గెలిచినది. 1932లో కాలిఫోర్నియాలో ఆకస్మికముగ మరణింపగా దేశము దేశమంతయు దుఃఖించినది. నేటికిని దాని గుండె కాన్బెర్రాలోను, చర్మము మెల్‌బోర్న్‌లోను, అస్థిపంజరము అది పుట్టిన న్యూజిలాండులోను ప్రదర్శనశాలలలో నున్నవి. కష్టకాలమున మానవుడు తన ఆశను మూగజీవి మూపుమీద పెట్టుట లోకసహజము.

మన సీమలో ఆ బంధము మరింత లోతైనది. పందెపు గుఱ్ఱము చూపరికి వినోదము; ఎద్దు మన రైతునకు కుటుంబములోని మనిషి. ధాత కరువని పెద్దలు చెప్పుకొను 1876-78 నాటి క్షామమున మనుష్యులతోపాటు పశువులును లెక్కకు మిక్కిలిగా నశించినవి. వాన కురిసినను, దున్నుటకు ఎద్దు లేని ఇంట కరువు తీరదు. అందువలననే కాబోలు, మనవారు ఎద్దును దేవుని చెంతనే నిలిపినారు. నంద్యాల పరిసరములలో నవనందులు వెలసినవి. యాగంటి బసవన్న ఏటేట పెరుగుచున్నాడని జనుల విశ్వాసము.

అయితే ఆ ఎద్దు నేడు పొలమున కనబడుట అరుదైనది. దుక్కిపని ట్రాక్టరు చేతిలోనికి పోయినది. 2012, 2019 సంవత్సరముల పశుగణనల నడుమ దేశములో మగ గోజాతి పశువుల సంఖ్య నూటికి ముప్పది వంతులు తగ్గినది. ఒంగోలు జాతి రక్తము బ్రెజిలు దేశములో నెలోరి అను పేర విస్తరించి, అచటి మాంసపు పరిశ్రమకు ఆధారమైనది. పుట్టినింట మాత్రము దానికి పని కఱవైనది. మేలుజాతి కోడెను శ్రద్ధతో మేపుటకు నేటి రైతునకు మిగిలిన కారణములలో ఈ పోటీ యొకటి. పోటీలను సమర్థించువారి వాదములో ఈ పాటి సత్యము నిశ్చయముగ నున్నది.

కాని రెండవ పక్షమును వినకుండుట న్యాయము కాదు. 2014 మే 7న సర్వోన్నత న్యాయస్థానము జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిషేధించుచు, పశువునకును బాధలేని జీవనమునకు హక్కు కలదని చెప్పినది. పిదప తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర రాష్ట్రములు చట్టములను సవరించుకొనగా, 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సవరణలు చెల్లునని తీర్మానించినది. ఆ వ్యాజ్యములు బండలాగుడును గూర్చినవి కాకపోయినను, అవి లేవదీసిన ప్రశ్న మన బరిలోనికిని వచ్చును. ఎద్దు తన బలముకొలది లాగుట వేరు. చర్నాకోల దెబ్బకును, ముల్లుకఱ్ఱ పోటునకును వెఱచి లాగుట వేరు. మొదటిది ప్రదర్శనము, రెండవది హింస.

ఈ రెంటినడుమ గీత గీయవలసినవారు న్యాయమూర్తులును, పోలీసులును మాత్రమే కారు. గడువులో కడపటి నిమిషమున జత అలసి నిలిచినప్పుడు, ఇంక పదడుగులని గట్టున నిలిచిన వేలమంది కేకలు వేయుదురు. ఆ కేకలే తోలువాని చేతికి చర్నాకోల నందించును. అదే జనము, దెబ్బ పడిన క్షణమున చప్పట్లు మాని మౌనము వహించినచో, ఆ చేయి తనంతట తానే దిగును. యజమాని కోరునది కీర్తి. కీర్తి నిచ్చువాడు ప్రేక్షకుడు. కనుక ఎద్దు వీపు అభిమాని చేతిలోనే యున్నది.

ఎద్దు నోరులేనిది. చాలునని అది చెప్పలేదు. నిలిచిపోవుటయే దాని భాష. ఆ భాషను అందఱికంటె ముందు గ్రహింపవలసినవాడు, దానిని పాలపండ్లనాటినుండి ఎఱిగినవాడే. తన జత నిలిచినంతనే కాడి దింపుడని కేకవేయగలవాడు నిజమైన అభిమాని. ఓడిన అంగుళములను మరుసటి తిరునాళ్ళలో తిరిగి సంపాదించుకొనవచ్చును. విఱిగిన కాలును సంపాదించుకొనలేము.

విద్యార్థులు సెలవులలో తిరునాళ్ళకు పోవుదురు, పోవలసినదే. ఏ జత ఎన్ని అడుగులు లాగినదో వ్రాసికొనుచు, దాని ప్రక్కనే ఎన్ని దెబ్బలు తినినదో కూడ వ్రాసికొనుడు. తక్కువ దెబ్బలతో ఎక్కువ దూరము లాగిన జతను, దానిని మేపిన రైతును మీ ఊర పొగడుడు. ఏరువాకనాడు మనము కొమ్ములకు రంగులు పూసి పూజించు ఎద్దును, తక్కిన దినములలో మన్నించు మార్గమిది.