ప్రయోగశాలలోని ఉప్పు

మన వంటింటిలోని ఉప్పు, ప్రయోగశాలలో సీసాయందుండు సోడియం క్లోరైడు, రెండును ఒకే పదార్థము. అట్లయినచో ఆ సీసాలోని ఉప్పును పులుసులో వేసికొనిననేమి? బీకరును చక్కగా కడిగి అందులో మజ్జిగ త్రాగిననేమి? ఈ సందేహము విద్యార్థులకు కలుగుట సహజమే.

1879వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరములో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున, కాన్‌స్టంటిన్ ఫాల్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు రాతిబొగ్గు తారునుండి లభించు పదార్థములపై పరిశోధన చేయుచుండెను. ఒకనాటి రాత్రి ఆయన చేతులు కడుగుకొనక భోజనమునకు కూర్చుండెను. రొట్టె తియ్యగా నుండెను. గుడ్డతో మూతి తుడుచుకొనగా అదియు తియ్యగానే యుండెను. తుదకు బొటనవ్రేలిని నాకి చూచి, ఆ తీపి తన చేతినుండియే వచ్చుచున్నదని గ్రహించెను. వెంటనే ప్రయోగశాలకు పరుగెత్తి, బల్లమీది పాత్రలన్నింటిలోని ద్రవములను వరుసగా రుచి చూచెను! సాకరిన్ అట్లు బయల్పడినది. ఆ పాత్రలలో విషమేదియు లేకుండుట తన అదృష్టమని ఆయనయే తరువాత చెప్పెను.

అట్టి అదృష్టము అందరికిని పట్టదు. ఆక్సిజనును కనుగొన్నవారిలో నొకడైన కార్ల్ షీలే, స్వీడను దేశమున, తాను చేసిన పదార్థముల రుచిని స్వయముగా చూచెడివాడు. ఘోరవిషమగు ప్రస్సిక్ ఆమ్లపు రుచిని గూడ ఆయన వర్ణించెను. 1786లో, 43 ఏండ్ల వయస్సుననే మరణించెను. విషద్రవ్యములతో చిరకాలము మెలగుటయే అందులకు కారణమని పలువురు తలంచిరి.

నాలుక విషమును పసిగట్టునను నమ్మకము వట్టిది. లెడ్ ఎసిటేటు తెల్లగా, తియ్యగా నుండును. పూర్వులు దానికి 'సీసపు చక్కెర' యని పేరిడిరి. అది దేహములో చేరినచో మెదడును, నరములను చెఱచును.

ఇక మన ఉప్పు సంగతి. సీసాపైనున్న చీటి ప్రయోగమునకు అడ్డువచ్చు కల్మషములను గూర్చి చెప్పునే గాని, అది తినదగినదని చెప్పదు. సీసా మూత తీసిన పిమ్మట ఆ చీటికిని అంత విలువ లేదు. నిన్న పాదరసపు లవణమును తీసిన చెంచాతోనే నేడెవరో ఉప్పును తీసియుండవచ్చును. చూచుటకు రెండును తెల్లని పొడులే.

బీకరు గాజు స్వతహాగా చెడ్డది కాదు. బోరోసిలికేటు గాజుతో వంటపాత్రలును చేయుదురు. చిక్కంతయు ఆ బీకరులో అంతకుముందు పోసిన వస్తువులతోనే. గాజుపై గీతలలో నిలిచిన లేశము కంటికి కానరాదు. గాజుసామానును క్రోమిక్ ఆమ్లముతో శుభ్రపరచు పద్ధతి యొకటి కలదు. ఆ క్రోమియము, అదియు విషమే, పలుమార్లు నీటితో కడిగినగాని గాజును వదలదు. రసాయనజ్ఞుని శుభ్రత వేరు, వంటవాని శుభ్రత వేరు.

ఆహారపదార్థములను పరిశోధించువారు సైతము రుచి చూచుటకు వేరొక గదిని, వేరు పాత్రలను ఉంచుకొందురు. ఆ పాత్రలలో ఇతర రసాయనమును ఒక్కమారైనను పోయనీయరు.