ఎనభై దాటిన గుండె

ఎకో రిపోర్టు భేషుగ్గా ఉంటుంది. ఒక్కో స్పందనకు ఎడమ జఠరిక తనలోని రక్తంలో 60 శాతాన్ని బయటికి నెడుతోంది. పాతికేళ్ల కుర్రాడి గుండె నెట్టేదీ దాదాపు అంతే. అయినా 84 ఏళ్ల పెద్దాయన నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసపడతారు. 'వయసైపోయింది కదా' అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. కొందరు డాక్టర్లూ అదే మాటంటారు.

చిక్కు ఇక్కడే ఉంది. ముసలి గుండెకు రక్తాన్ని పిండటం చేతనవును, సడలటమే కష్టం. ఏళ్లు గడిచేకొద్దీ బృహద్ధమని సాగే గుణం కోల్పోతుంది. బిగుసుకున్న ఆ గొట్టంలోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ ఎడమ జఠరిక గోడలు మందమవుతాయి. మందమైన గోడ త్వరగా వదులు కాదు. దాంతో జఠరిక నిండటానికి పై గది, అంటే ఎడమ కర్ణిక, చివర్లో ఇచ్చే ఊపే దిక్కవుతుంది. సాగిపోయిన ఆ కర్ణిక కూడా లయ తప్పిందంటే, అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చిన మనిషి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రి పాలవుతాడు.

పాత కణాల స్థానంలో కొత్తవి రావా? వస్తాయి, నత్తనడకన. 2009లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. ప్రచ్ఛన్న యుద్ధకాలపు అణుపరీక్షలు గాలిలోకి వదిలిన కార్బన్-14 ఆనవాళ్లను గుండె కణాల డీఎన్ఏలో వెతికారు. 25వ ఏట ఏడాదికి ఒక శాతం కండర కణాలు కొత్తగా పుడుతుంటే, 75 వచ్చేసరికి అది అరశాతం కన్నా తగ్గుతోందని తేలింది. ఆ బాంబుల వల్ల మనిషికి ఒరిగిన మేలు బహుశా ఇదొక్కటే.

వయసును ఆపలేం కానీ బీపీని అదుపు చేయొచ్చు. 80 దాటాక మందులు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అన్న అనుమానం వైద్యుల్లో చాలాకాలం ఉండేది. 80 ఏళ్లు నిండిన 3,845 మంది బీపీ రోగులపై జరిపిన హైవెట్ అధ్యయనం 2008లో దానికి జవాబిచ్చింది. మందులు వాడినవారిలో హార్ట్ ఫెయిల్యూర్ 64 శాతం, మరణాలు 21 శాతం తగ్గాయి. వారికి పెట్టుకున్న లక్ష్యం కూడా 150/80 మాత్రమే. సున్నం పేరుకుని బిగుసుకుపోయిన బృహద్ధమని కవాటానికీ దారి ఉంది. ఛాతీ కోయకుండా, రక్తనాళం గుండా కొత్త కవాటాన్ని అమర్చే పద్ధతిని ఫ్రెంచ్ వైద్యుడు అలెన్ క్రిబియే 2002లోనే చేసి చూపారు.

ఇక ఖర్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండిన వారందరికీ కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల దాకా వైద్యం ఉచితం. అయితే ఆస్పత్రిలో చేరితేనే. నెలనెలా కొనే బీపీ మాత్రలకు, ఓపీలో చేయించుకునే ఎకో పరీక్షకు అది వర్తించదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరాక లక్షలు చెల్లించే పథకం, ఆ పరిస్థితి రాకుండా చూసే మాత్రను మాత్రం పెద్దాయన పెన్షన్‌కే వదిలేసింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితంగా దొరికినా, ఆయన్ని అక్కడిదాకా తీసుకెళ్లే కొడుకో కోడలో ఒక పూట పని మానుకోవాలి.