కలివికోడి నేర్పిన పాఠము

మన కామాటిపురమునకు కొలది మైళ్ళలోనే, 1883లో నెలకొన్న బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమున్నది. జెర్డాను దొర సేకరించిన కలివికోడి 1848లో శాస్త్రలోకమునకు తెలిసెను. 1900 తరువాత అది కానరాకుండుటచే నశించినదని పండితులు తలచిరి. 1986 జనవరిలో ఆ సంఘమువారి యన్వేషణ ఫలించి, కడప జిల్లా లంకమల ప్రాంతమున అది మరల దొరకెను. రాత్రివేళ సంచరించు ఆ పక్షిని పట్టియిచ్చినవాడు అచ్చటి వేటగాడే. రొమ్ముపై రెండు పట్టెలు దాని గుర్తు. పిమ్మట పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పరచి, అడుగుజాడలనుబట్టి దాని యునికిని తెలిసికొనిరి.

గ్రంథములు మరచిన పక్షికి పల్లెవాసుల నోట పేరు నిలిచియుండెను. పేరు పోయినచో ఎరుకయు పోవును. తల్లిదండ్రులారా! మన చాళ్ళలోని పిల్లలకు పిట్టల పేర్లు, చెట్ల పేర్లు తెలుగున నేర్పుడని మేము కోరుచున్నాము.