రెండవ గోల్‌కీపరు

పార్లమెంటులో తరచుగా మాట్లాడే సభ్యుల పేర్లు దేశమంతా తెలుస్తాయి. వెనుక బెంచీలలో కూర్చుని, విప్ అందిన రోజున తప్పక హాజరై, ఓటు వేసి వెళ్లేవారి పేర్లు వారి నియోజకవర్గంలోనే అందరికీ తెలియవు. అయితే వారు లేనిదే ఏ ప్రభుత్వమూ ఒక్క దినం నిలువదు. ఏళ్ల తరబడి ప్రెస్ గ్యాలరీ నుంచి ఈ దృశ్యాన్ని చూస్తున్న నాకు, హాకీ జట్టులో రెండవ గోల్‌కీపరు స్థానం ఎటువంటిదో ఊహించడం కష్టం కాదు.

మన మహిళా హాకీలో ఆ స్థానాన్ని సంవత్సరాల తరబడి మోసిన వ్యక్తి తెలుగు యువతి ఎతిమరపు రజని. 1990లో జన్మించిన ఆమె స్వగ్రామం ఎనుమలవారిపల్లె. నాడు చిత్తూరు జిల్లాలోనిది, నేడు తిరుపతి జిల్లాలో ఉన్నది. వడ్రంగి కుటుంబం. నేరబైలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో హాకీ కర్ర పట్టుకున్నారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో అంతర్జాతీయ హాకీ పచ్చిక నేలను వదలి కృత్రిమ మైదానానికి మారింది. ఆ మైదానం పరచడానికి కోట్లు కావాలి. పల్లెటూరి బడిపిల్లకు దొరికేది మట్టి నేల. ఈ రెంటి మధ్య ఉన్న దూరం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

హాకీలో ముందువరుస ఆటగత్తెలను ఎన్నిమార్లయినా మార్చవచ్చును. అందరికీ కొద్ది నిమిషాలైనా ఆడే అవకాశం దక్కుతుంది. గోల్‌కీపరు సంగతి వేరు. మొదటి గోల్‌కీపరు గాయపడితేనో, బొత్తిగా విఫలమైతేనో తప్ప రెండవవారికి పిలుపు రాదు. రజనికి ముందున్నది సవితా పునియా. ప్రపంచంలో మేటి గోల్‌కీపర్లలో ఒకరుగా పేరు పొందిన క్రీడాకారిణి. ఒలింపిక్ జట్టులో పదహారు మందికి మించి చోటు లేకపోవడంతో చాలా దేశాలు ఒకే గోల్‌కీపరును తీసుకుంటాయి. 1980 మాస్కో తరువాత ముప్ఫై ఆరేళ్లకు, 2016లో మన మహిళలు తిరిగి ఒలింపిక్స్‌లో ఆడారు. అప్పుడు రియోకూ, ఆ తరువాత టోక్యోకూ రజని అదనపు గోల్‌కీపరుగానే ఎంపికైనారు.

ఇది వైఫల్యం అనేవారు ఆట నడిచే తీరు ఎరుగనివారు. 2017 ఆసియా కప్ స్వర్ణం, 2018 ఆసియా క్రీడల రజతం, 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల కాంస్యం గెలిచిన జట్లలో ఆమె సభ్యురాలు. పెనాల్టీ కార్నర్ల సాధనలో దెబ్బలు కాచుకునేది గోల్‌కీపర్లే. సాధనలో రెండవ గోల్‌కీపరు బలహీనురాలైతే మన ముందువరుస కూడా బలహీనమవుతుంది. ఈ శ్రమ స్కోరు పట్టికకు ఎక్కదు.

టోక్యోలో మన మహిళలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి సెమీ ఫైనల్ చేరారు. 2021 ఆగస్టు 6న కాంస్యం కోసం ఆడిన ఆటలో బ్రిటన్‌కు 3-4తో తలవంచారు. అదే రోజున ప్రధానమంత్రి మోదీ, ఖేల్ రత్న పురస్కారానికి రాజీవ్ గాంధీ పేరు తొలగించి ధ్యాన్ చంద్ పేరు పెడుతున్నట్లు ప్రకటించారు. రాజధానిలో చర్చ అంతా పేరు చుట్టూ సాగింది. పల్లె మైదానాల ప్రస్తావన ఆ చర్చలో నాకు అరుదుగానే వినిపించింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజనికి 25 లక్షల రూపాయలు, తిరుపతిలో ఇంటిస్థలం ప్రకటించింది. సంతోషించదగిన విషయమే. అయితే ఒలింపిక్స్ దాకా నడిచి వచ్చిన తరువాత వేసే పూలదండ వేరు, నడక మొదలుపెట్టేనాడు పట్టుకునే చేయి వేరు.

ఈ ప్రశ్న సూరత్‌లో నాకు మరొక రూపంలో ఎదురైంది. ఆ నగరంలో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు వేలాదిగా ఉన్నవి. తెలంగాణ జిల్లాల నుంచి తరాల క్రితం వలస వెళ్లిన పద్మశాలీలు వారిలో ఎక్కువ. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం బడులు నడుపుతూ వచ్చింది. లింబాయత్‌లో ఒక నేత కార్మికునితో మాటల మధ్య రజని ప్రస్తావన వచ్చింది. ఆయన వెంటనే అడిగాడు: “మా బిడ్డ గూడ రేపు గెల్చిందనుకో సార్, ఏ సర్కారు దండేస్తది? గీడిదా, మన దిక్కుదా?”

నవ్వుతూ అడిగిన మాటే. నాకు మాత్రం తక్షణమే సమాధానం తోచలేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో, రాష్ట్రాల జాబితా 33వ అంశంలో క్రీడలను చేర్చారు. ఒక రాష్ట్రంలో పుట్టి మరొక రాష్ట్రంలో పెరిగే బిడ్డ గెలిస్తే రెండు రాష్ట్రాలూ తమదంటాయి, గెలవక ముందు రెండూ పొరుగు రాష్ట్రం వైపు చూపిస్తాయి. జాతీయ హాకీ జట్లకు 2018 నుంచి అండగా నిలిచింది సైతం ఒక రాష్ట్రమే, ఒడిశా. కేంద్రం చేయవలసిన పని ఒక రాష్ట్రం తలకెత్తుకోవడం ఒడిశాకు గౌరవమే, కేంద్రానికి కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టాన్ని ఆమోదించింది. సమాఖ్యలపై పర్యవేక్షణకు ఒక బోర్డు, వివాదాల పరిష్కారానికి ఒక ట్రిబ్యునల్ అందులో ఉన్నవి. అవసరమైన చట్టమే. కాని సమాఖ్య తలుపు దాకా చేరలేని బాలికకు బోర్డుతో గాని, ట్రిబ్యునల్‌తో గాని పని పడదు. ఆమెకు కావలసినది బడిలో ఒక వ్యాయామోపాధ్యాయుడు, చదును చేసిన నేల, సాయంకాలం ఇంటికి చేర్చే బస్సు.

2024 జనవరి 19న రాంచీలో మన మహిళా జట్టు జపాన్‌కు 0-1తో ఓడి పారిస్ ఒలింపిక్స్ అవకాశాన్ని పోగొట్టుకున్నది. పత్రికలన్నీ ఆ విచారంలో మునిగి ఉండగా, ఎనిమిది రోజులకు మస్కట్‌లో మరొక భారత జట్టు, ఒక్కొక్క వైపు అయిదుగురు చొప్పున ఆడే హాకీలో తొలి ప్రపంచ కప్ ఫైనల్ ఆడింది. నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రజతం తెచ్చుకున్నది. ఆ జట్టు నాయకురాలు ఎతిమరపు రజని. దశాబ్దానికి పైగా ఇతరుల గోలు కాయడానికి సిద్ధంగా ఉండి వేచిన మనిషికి ఎట్టకేలకు ముందువరుసలో నిలబడే రోజు వచ్చింది. ఆ రోజున దేశం చూపు మరొక చోట ఉన్నది.