పాత కంప్యూటర్‌లో మళ్లీ విండోస్ 7 వేశారా? ఈ ఐదు ఫైళ్లు.. ఈ వరుసలో వేస్తేనే పని జరుగుతుంది!

డీటీపీ షాపులో అను ఫాంట్ల కోసం, ఇంట్లో పాత ప్రింటర్ కోసం, చిన్న ఆఫీసులో పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం.. విండోస్ 7 వాడేవాళ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. హార్డ్‌డిస్క్ పోయిందనో, వైరస్ పట్టిందనో ఫార్మాట్ కొట్టించాక అసలు తలనొప్పి మొదలవుతుంది. 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కితే ఎర్రర్ వస్తుంది. మరి అప్‌డేట్స్ ఎలా? వందల ఫైళ్లు ఒక్కొక్కటిగా వెతకాల్సిన పనిలేదు. మైక్రోసాఫ్టే వాటిని మూటకట్టి ఇచ్చింది. ఆ మూటల్నే రోలప్ అంటారు.

ఎర్రర్ ఎందుకొస్తోంది?

అప్‌డేట్ ఫైల్ అసలుదా, నకిలీదా అని విండోస్ డిజిటల్ సంతకం చూసి గుర్తుపడుతుంది. పాత సంతకం పద్ధతి షా-1. 2019లో మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేసి షా-2కి మారింది. కొత్తగా వేసిన విండోస్ 7కి షా-2 తెలియదు. అందుకే 2020 ఆగస్టు నుంచి అది నేరుగా అప్‌డేట్స్ తెచ్చుకోలేకపోతోంది. మనమే చేత్తో వేయాలి.

ముందు ఇవి చూసుకోండి

'కంప్యూటర్' మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. అక్కడ రెండు విషయాలు చూడాలి. ఒకటి.. మీది 32 బిట్టా, 64 బిట్టా? రెండోది.. 'సర్వీస్ ప్యాక్ 1' అని ఉందా? లేకపోతే ముందు అది వేయాల్సిందే. 2011లో వచ్చిన ఈ ప్యాక్ నంబర్ కేబీ976932. అది లేకుండా కింద చెప్పే రోలప్స్ ఎక్కవు.

ఫైళ్లను వేరే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం మంచిది. విండోస్ 7తో వచ్చే పాత బ్రౌజర్‌లో ఇప్పటి సైట్లు సరిగా తెరుచుకోవు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ సైట్‌లో కేబీ నంబర్ కొట్టి వెతకండి. లిస్టులో సర్వర్, ఎంబెడెడ్ వెర్షన్లు కూడా కనిపిస్తాయి. వాటిని వదిలేసి, మీ బిట్‌కు సరిపోయే విండోస్ 7 ఫైలే తీసుకోండి. ముఖ్యమైన డేటాను ఇంకో చోట కాపీ చేసుకున్నాకే పని మొదలుపెట్టండి.

వరుస ఇదీ..

1. కేబీ3020369: 2015 ఏప్రిల్ నాటిది. అప్‌డేట్స్ వేసే యంత్రాంగాన్నే సరిచేసే చిన్న ఫైల్. ఇది లేకపోతే తర్వాతిది ఎక్కదు.

2. కేబీ3125574: అసలు మూట ఇదే. 2016 మేలో వచ్చింది. సర్వీస్ ప్యాక్ 1 తర్వాత ఆ ఏడాది ఏప్రిల్ దాకా వచ్చిన అప్‌డేట్స్ దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి. 64 బిట్ ఫైల్ సుమారు 477 ఎంబీ, 32 బిట్ ఫైల్ సుమారు 316 ఎంబీ.

3. కేబీ4490628: 2019 మార్చి నాటిది. షా-2కి సిస్టమ్‌ను సిద్ధం చేస్తుంది.

4. కేబీ4474419: షా-2 సంతకాన్ని గుర్తుపట్టేలా చేసేది ఇదే.

5. కేబీ4534310: 2020 జనవరి 14న వచ్చిన చివరి ఉచిత నెలవారీ రోలప్. 2016 అక్టోబర్ నుంచి ప్రతి నెలా వచ్చిన రోలప్‌లో అంతకుముందు నెలలవి కూడా కలిపే ఇచ్చారు. కాబట్టి ఈ చివరిది ఒక్కటి చాలు.

ఒక్కో ఫైల్ వేశాక రీస్టార్ట్ చేయండి. పెద్ద ఫైళ్లకు టైమ్ పడుతుంది. ఆగిపోయిందనుకుని మధ్యలో పవర్ తీసేయొద్దు. కరెంట్ పోయే చోటైతే యూపీఎస్ ఉండాల్సిందే. 'సెర్చింగ్ ఫర్ అప్‌డేట్స్' దగ్గరే ఎంతకీ కదలకపోతే నెట్ కేబుల్ తీసి, సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌ను ఆపి మళ్లీ ప్రయత్నించండి. 'నాట్ అప్లికబుల్' అని వస్తే కంగారొద్దు. బిట్ తప్పు ఫైల్ అయి ఉండొచ్చు, ముందు వేయాల్సింది వేసి ఉండకపోవచ్చు, లేదా అది ఇప్పటికే ఎక్కి ఉండొచ్చు.

డాట్ నెట్ అప్‌డేట్స్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 మాత్రం 2016 మూటలో లేవు. అవి విడిగా వేసుకోవాలి.

ఇంత కష్టం అవసరమా?

2017 మే 12న మొదలైన వానాక్రై దాడి గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7వే. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. దాన్ని వేసుకోనివాళ్లే ఇరుక్కున్నారు. పై వరుస పూర్తిచేస్తే మీ సిస్టమ్‌లో ఆ తలుపు మూసుకున్నట్టే.

కానీ ఒక్క మాట. ఈ రక్షణ 2020 జనవరి వరకే. ఆ తర్వాత బయటపడిన లోపాలకు మామూలు వాడకందారులకు ఉచిత అప్‌డేట్స్ రాలేదు. గూగుల్ క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తోనే విండోస్ 7కి సపోర్ట్ ఆపేసింది. కాబట్టి ఆ కంప్యూటర్‌ను టైపింగ్‌కి, ప్రింటింగ్‌కి, పాత సాఫ్ట్‌వేర్‌కి వాడుకోండి. వీలైతే నెట్ కనెక్షన్ తీసేయండి. బ్యాంకు లావాదేవీలు, ఓటీపీలు, ఆధార్ పనులు మాత్రం అందులో అస్సలు వద్దు.