గేరు మొరాయించినప్పుడు: పాత కారులో దోషాన్ని గుర్తించే విధానం

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన అనేక కుటుంబాలకు ఒక పాత కారు ఉంటుంది. సెలవులకు చిత్తూరు, అనంతపురం, కర్నూలు దారులు పట్టేది ఆ కారే. ఒకనాడు రెండవ గేరు వేయబోతే కరకరమను శబ్దం వస్తుంది. లేదా రాడ్ ఎంత నెట్టినా గేరు పడదు. గ్యారేజీకి వెళ్ళగానే "గేరు బాక్సు దింపాలి" అన్న మాట వినబడుతుంది. ఆ మాట నిజమే కావచ్చు. కాని అనేక సందర్భాలలో దోషం గేరు బాక్సులో కాక, దానికి వెలుపల ఉంటుంది. బాక్సు దింపి విప్పడం పెద్ద ఖర్చు. కేబులు సరిచేయడం స్వల్ప వ్యయం. ఈ రెండింటిలో ఏది అవసరమో తెలుసుకొనుటకు యజమాని స్వయంగా చేయదగిన పరీక్షలు కొన్ని కలవు.

గేరు పడే తీరు

ఇంజను శక్తి క్లచ్ ద్వారా గేరు బాక్సుకు చేరుతుంది. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు క్లచ్ ప్లేటు ఇంజను నుండి విడిపోవలెను. అప్పుడు సింక్రో అనబడే ఇత్తడి రింగు, కలియబోయే రెండు భాగాల వేగాన్ని సమానం చేస్తుంది. వేగాలు కలిసిన పిమ్మట గేరు మెత్తగా పడుతుంది. కనుక గేరు సులభంగా పడకపోవుటకు ప్రధానంగా నాలుగు కారణాలు ఉంటాయి: క్లచ్ పూర్తిగా విడవకపోవడం, రాడ్ నుండి బాక్సు వరకు గల కేబుళ్ళు లేదా బుష్‌లు అరగడం, గేరు ఆయిల్ తగ్గడం లేదా చెడిపోవడం, లోపలి సింక్రో అరగడం. పరీక్షలు కూడా ఈ వరుసలోనే, తక్కువ ఖర్చు నుండి ఎక్కువ ఖర్చు వైపు సాగవలెను.

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు

కారును సమతలమైన బహిరంగ స్థలంలో నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డు పెట్టవలెను. కారు ముందు, వెనుక ఎవరూ నిలబడరాదు. మూసిన గ్యారేజీలో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం.

మొదట పెడలు క్రింద చూడండి. మందమైన మ్యాటు మడతపడి పెడలును పూర్తిగా దిగనీయకపోయినా గేరు కరకరమంటుంది. ఇది నవ్వు తెప్పించే కారణమే అయినా అరుదైనది కాదు.

తరువాత ఇంజను ఆపి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ వరుసగా వేసి చూడండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు కూడా రాడ్ బిగువుగా ఉంటే, లేదా ఎటు కదిపినా వదులుగా ఊగుతుంటే, ముందుగా కేబుళ్ళను, బుష్‌లను అనుమానించవలెను.

ఇంజను ఆపినప్పుడు గేర్లన్నీ సులభంగా పడి, నడుస్తున్నప్పుడు మాత్రం ఏదీ పడకపోతే, దోషం క్లచ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. దీనిని నిర్ధారించుటకు రివర్సు గేరు ఉపయోగపడుతుంది. ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా పెడలు పూర్తిగా తొక్కి, అయిదు సెకన్లు ఆగి, రివర్సు వేయండి. అనేక కార్లలో రివర్సుకు సింక్రో ఉండదు. కావున క్లచ్ పూర్తిగా విడవకపోతే అంతసేపు ఆగినప్పటికీ శబ్దం వస్తుంది.

అట్టి సందర్భంలో కేబులు క్లచ్ గల కార్లకు కేబులు సాగినదేమో, పెడలు ఆట హ్యాండ్‌బుక్‌లో చెప్పిన కొలతలో ఉన్నదో లేదో చూడవలెను. హైడ్రాలిక్ క్లచ్ అయితే పెడలును రెండు మూడు సార్లు వేగంగా తొక్కి చూడండి. అలా తొక్కినప్పుడు గేరు సులభంగా పడితే గొట్టాలలో గాలి చేరినదని గాని, సిలిండరు కారుచున్నదని గాని భావించవచ్చు.

ఒక్క గేరు మాత్రమే, సాధారణంగా రెండవది, కరకరమని తక్కినవి బాగా పడుతుంటే సింక్రో అరిగినట్లు అనుమానించాలి. మూడవ గేరు నుండి రెండవ గేరుకు వచ్చేటప్పుడు మధ్యలో న్యూట్రల్‌లో క్లచ్ వదలి, కొద్దిగా యాక్సిలరేటరు ఇచ్చి, మరల క్లచ్ తొక్కి గేరు వేయండి. ఇట్లు చేసినప్పుడు శబ్దం రాకపోతే ఆ అనుమానం బలపడుతుంది. దీనిని రద్దీ లేని దారిలోనే చేయవలెను.

ఉదయం చలిలో మాత్రమే బిగువుగా ఉండి, కొంత దూరం నడిచాక సర్దుకుంటే ముందుగా ఆయిల్‌ను పరీక్షించవలెను. వేసిన గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌లోకి వస్తుంటే మాత్రం ఆలస్యం చేయరాదు. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఇంజను పట్టు హఠాత్తుగా తప్పిపోవడం ప్రమాదకరం.

ఆయిల్ విషయంలో జాగ్రత్తలు

హ్యాండ్‌బుక్‌లో సూచించిన రకాన్నే పోయించండి. జీఎల్-4 అని ఉన్నచోట జీఎల్-5 పోయడం మేలు అని కొందరు చెబుతారు. కాని కొన్ని జీఎల్-5 ఆయిళ్ళలోని గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రోలను తినివేస్తాయి. పాత ఆయిల్ దింపే ముందు, కొత్తది పోసే పైబిరడా తెరుచుకొనుచున్నదో లేదో చూడమని మెకానిక్‌కు చెప్పండి. అది బిగుసుకొని ఉంటే, ఉన్న ఆయిల్ దింపిన తరువాత కారు కదలదు. దిగిన ఆయిల్‌ను చూడండి. సన్నని బూడిదరంగు పొడి సహజం; లోహపు పెళ్ళలు కనిపిస్తే లోపల విరుగుడు ఉన్నట్లే.

వాడిన ఆయిల్‌ను కాలువలోనో, చెట్టు మొదట్లోనో పోయరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోకి వాడిన ఆయిల్ కూడా వస్తుంది. వర్షపు కాలువలో పోసినది చివరకు మన చెరువులకే చేరుతుంది. అనుమతి గల సేకరణదారులకు ఇచ్చే గ్యారేజీలోనే ఆయిల్ మార్పించండి.

మెకానిక్‌తో మాట్లాడుట

"క్లచ్ ప్లేటు మార్చండి" అని తీర్పు చెప్పకండి, లక్షణం చెప్పండి. ఏ గేరు, చలిలోనా వేడెక్కాకనా, ఇంజను ఆపినప్పుడు ఎట్లున్నది అనే మూడు విషయాలు చాలును. భాష అడ్డు కానక్కరలేదు. మనం "గేరు పడటం లేదు" అనేదానిని కన్నడంలో "గేర్ బీళ్తా ఇల్ల" అంటారు. విడిభాగాల పేర్లు అందరికీ ఒక్కటే. క్లచ్ కొరకు బాక్సు దింపక తప్పకపోతే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడింటినీ ఒకేసారి పరీక్షించి అవసరమైనవి మార్పించండి. మరొకసారి కూలి తప్పుతుంది. తీసిన పాత భాగాలను చూపమని అడగడం మీ హక్కు.

పెద్ద ఖర్చుకు ముందు కారు పత్రాలు కూడా చూడండి. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. పిమ్మట తనిఖీ చేయించి 5 సంవత్సరాలకొకసారి పొడిగించుకోవాలి. వేరే రాష్ట్రపు నంబరు గల వాహనాన్ని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. ఈ ఖర్చులన్నీ కలిపి లెక్కించిన తరువాతనే కారును బాగుచేయించుటయా, విడుచుటయా అని నిర్ణయించండి.

చివరిగా ఒక అలవాటు. సిగ్నలు వద్ద క్లచ్ తొక్కిపట్టి నిలువక, న్యూట్రల్ వేసి పాదం తీయండి. ఫ్లైఓవరు ఎక్కుడులో క్లచ్‌తో కాక హ్యాండ్ బ్రేకుతో కారును ఆపండి. ఈ నగరపు రద్దీలో క్లచ్ ఆయుష్షును పెంచే ఉపాయం ఇంతకంటె చౌకైనది మరొకటి లేదు.